ఏడాది వేయని అట్ట

రేపు సాయంత్రం ఐదింటికి ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వడానికి మేం స్కేలు పిల్ల అని పిలిచే కాలేజీ అమ్మాయి ప్రాణాలతో ఉండదేమోనన్నదే నా భయం. చదువు ఒక్కటే పోయేదైతే ఇలా షాపు వదిలి పరిగెత్తి రాను.

కాలేజీ ఎదురుగా మాది బైండింగు షాపు. అత్తయ్య అట్టలు అతికిస్తుంది. నేను పేజీలు కుట్టి, ఆఖరున అట్ట మీద బంగారు అక్షరాలు అద్దుతాను. మా ఎనిమిది నెలల పాప కాగితపు కట్టల మధ్య ఆడుకుంటుంది. స్కేలు పిల్ల షాపుకి వచ్చిందంటే చాలు, స్కేలు తీసి పేజీల మార్జిన్లు కొలిచేది.

"ఏమే స్కేలు పిల్లా, పెళ్లికొడుకుని కూడా కొలిచే చేసుకుంటావా?" అనేది అత్తయ్య.

"అతికించాక కొలిచి ఏం లాభం పెద్దమ్మా?" అనేది ఆ పిల్ల.

సోమవారం నాలుగు కాపీలు కుట్టమని ఇచ్చింది. కొలవలేదు.

"అక్కా, అట్ట మీద ఏడాది వేయకండి."

"అదేంటి? ఏడాది లేకపోతే తీసుకోరుగా!"

"తర్వాత చూద్దాంలే అక్కా." తన స్కేలుని మా పాప చేతిలో పెట్టి, బుగ్గ నిమిరి వెళ్లిపోయింది.

ఆ 'తర్వాత' సంగతి నాకు తెలుసు. డిగ్రీలో ఒక్క పేపరు మిగిలి ఉండగా, కడుపుతో ఉన్నానని నేనూ అదే మాట అన్నాను. మళ్లీ ఎవరూ అడగలేదు. తెలిసి కూడా ఆ రోజు ఆమెని ఆపకుండా తర్వాతి కట్ట అందుకున్నాను. షాపు నిండా జనం.

మూడు రోజులైనా రాలేదు. ఫోను కలవలేదు.

"ఇచ్చినదానికి లేని తొందర నీకెందుకే? మనం అట్టలు అతికిస్తున్నాం, జాతకాలు చూడటం లేదు" అంది అత్తయ్య.

ఇవాళ మధ్యాహ్నం స్కేలు పిల్ల హాస్టల్ గదిలోనే ఉండే అమ్మాయి భుజాన సంచితో జిరాక్సుకి వచ్చింది.

"దానికి ఫస్టియర్ లెక్కల పేపరు నాలుగోసారీ పోయింది అక్కా. ఏడుస్తుందనుకున్నాం, ఏడవలేదు. క్యాలిక్యులేటరు నాకిచ్చేసింది. నోట్సులు, దుప్పటి పక్క గదివాళ్లకిచ్చింది. 'వీలునామా కూడా రాశావేంటే?' అని ఆటపట్టిస్తే నవ్వింది."

"ఇప్పుడెక్కడుంది?"

"గదిలోనే, పడుకుంటానంది. నాకు బస్సుకి టైమైంది, వస్తానక్కా."

పాప ఆ పిల్ల ఇచ్చేసి వెళ్లిన స్కేలుని చిగుళ్లతో కొరుకుతోంది. నేను చూశాను. అత్తయ్యా చూసింది. ఆమె చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది.

"పాపని నేను చూసుకుంటా. పరిగెత్తవే" అంది.

హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. "ఏమవుతుంది నీకు? చెల్లెలా?"

కాదన్నాను. అబద్ధమాడాల్సింది.

"ఆ పిల్లకి బాగోలేదన్నా, ఒక్కసారి చూసొస్తా."

"పరీక్షలొస్తే ఇక్కడ ఎవరికీ బాగోదమ్మా. వార్డెన్ ఆరింటికొస్తారు, అప్పుడు రా."

ఇప్పుడు నాలుగు కూడా కాలేదు. లోపలికి వెళ్లే ప్రతి అమ్మాయినీ ఆపి ఇదంతా చెబుతున్నాను. ఇద్దరు వినకుండానే వెళ్లిపోయారు. మీరు ఆగారు. మీ దగ్గర హాస్టల్ కార్డుంది, మిమ్మల్ని ఆపరు. మూడో అంతస్తు, మెట్ల పక్కన రెండో గది. తలుపు కొట్టండి. తీయకపోతే అరిచి నలుగురినీ పోగేసి తలుపు పగలగొట్టించండి. తీస్తే మాత్రం పేపరు మాట ఎత్తకండి. తన స్కేలు మా పాప దగ్గరుంది, వచ్చి తీసుకోమనండి; షాపు అక్క గేటు దగ్గర నిలబడి ఉందని చెప్పండి. కొంచెం త్వరగా వెళ్లండమ్మా.