ఈ వైపు వద్దు

రికార్డును పొట్టకు ఆనించి, పాత పంచె చింపిన గుడ్డతో తుడుస్తున్నాడు బాలశౌరి. అడ్డదిడ్డంగా కాదు, గాడి ఎటు తిరిగితే గుడ్డ అటు. తుడిచాక కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తాడు, నోటితో ఒక్కసారి ఊదుతాడు, అట్ట తొడుగులో దూర్చి పెట్టెలో నిలబెడతాడు. బెజవాడ వన్ టౌన్‌లో కొట్లు ఇంకా తెరవలేదు. తోపుడు బండ్లవాళ్ళు బండ్ల మీదే పడుకుని ఉన్నారు. మైలవరం బస్సు ఆరున్నరకి. ఈలోగా బ్యాటరీలో నీళ్ళు చూసుకోవాలి, రెండు హారన్లనీ గోనెసంచుల్లో కట్టాలి, వైరు చుట్టలు లెక్క చూడాలి. ఈ మైకుసెట్టు షాపులో ముప్ఫై ఏళ్ళుగా ఈ పనంతా అతనొక్కడే చేస్తున్నాడు. హారన్లు మోసిమోసి ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగింది. యాసిడ్ చుక్కలు పడి చొక్కా ముందు భాగమంతా జల్లెడైంది. మనిషి బక్కపల్చన, చెవులు మాత్రం పెద్దవి.

పెట్టెలో షాపు రికార్డులు యాభై దాకా ఉంటాయి. చెక్క అడ్డానికి ఇవతల ఉన్న పదకొండూ అతని సొంతం. అన్నీ కవుతరం సంపూర్ణమ్మవే. నాటకాల కంపెనీలు నడిచిన రోజుల్లో ఆవిడ స్టేజీ ఎక్కుతోందంటే కృష్ణకు ఇరుపక్కల ఊళ్ళవాళ్ళూ ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చేవారు. పదకొండు రికార్డులు, రెండు వైపులా కలిపి ఇరవై రెండు పాటలు. అందులో ఇరవై ఒకటి బాలశౌరికి ప్రాణం. ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, వెనకబడ్డ హార్మోనియంని ఎక్కడ ఆగి కలుపుకుంటుందో అతనికి తెలుసు. ఇరవై రెండోది 'కాలదన్నినా స్వామీ, కన్నీరు రాదు నాకు'. అదంటే మాత్రం ఒళ్ళుమంట.

జనానికి కావలసింది సరిగ్గా అదే. పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఆ పాట పడితే ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడుస్తారు. ఆ ఏడుపు లేకపోతే పిల్లను పంపినట్టే ఉండదని సగం జిల్లా నమ్మకం. ఆ రికార్డు ఇప్పుడు బజారులో దొరకదు. షాపుకి ఒకటుండేది, పదేళ్ళ కిందట పగిలింది. ఎలా పగిలిందయ్యా అంటే చెయ్యి జారిందన్నాడు బాలశౌరి. అంతకుముందు గానీ ఆ తరవాత గానీ అతని చేతిలోంచి ఒక్క రికార్డూ జారలేదు. ఇక మిగిలింది అతని పెట్టెలోదే. దానికి ఒక వైపున పడవ పాట, రెండో వైపున ఈ పాట. రెండో వైపున గాళ్ళ మీద అడ్డంగా నాలుగు వేళ్ళ వెడల్పు తెల్ల ప్లాస్టరు అంటించి, దాని మీద ఇంకుపెన్సిలుతో 'ఈ వైపు వద్దు' అని గుండ్రంగా రాసి పెట్టుకున్నాడు.

షాపు యజమాని వెంకటకృష్ణారావు నోట్లో వేపపుల్లతో మేడ దిగి వచ్చాడు. పెట్టె వంకా బాలశౌరి వంకా చూశాడు.

"ఇదిగో బాలశౌరీ, పెళ్ళివారు రామకోటేశ్వరరావుగారు మా ఆవిడ తరఫు చుట్టం. అప్పగింతలకి ఆ పాట పడాల్సిందేనని కబురు పెట్టాడు. ఆ ప్లాస్టరు పీకి వేస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం. మొన్న హనుమాన్ జంక్షన్‌లోలా వెయ్యనని మొండికేశావంటే రేపట్నించి షాపుకి రానక్కర్లేదు. అర్థమైందా?"

"అర్థమైందండి."

"వేస్తావా మరి?"

"అర్థమైందన్నాను కదండీ."

వెంకటకృష్ణారావు తల కొట్టుకుంటూ పైకి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి అతని భార్య తెరేసమ్మకి నిన్న షాపుకి కబురు వచ్చినప్పుడే తెలుసు. అతను షాపుకి బయల్దేరకముందే, కొండమీది ఇంట్లో క్యారియరు కడుతూ అందుకుంది. "మూడు నిమిషాల పాటయ్యా. చెవుల్లో దూది పెట్టుకుని వెయ్యకూడదూ?"

"చెవులు మూసుకున్నా వేసే చెయ్యి నాదే కదే."

"రేపు షాపులోంచి పొమ్మంటే ఈ వయసులో ఎవరు పిలుస్తారు నిన్ను?"

నిజమే, అతనికి యాభై తొమ్మిదేళ్ళు వచ్చాయి. మైకుసెట్టు తప్ప ఇంకో పని చేతకాదు. ఆ పని లేకపోతే రికార్డులు ఉన్నా వినడానికి మిషను కూడా లేదు, మిషను షాపుది. అతని భయమంతా అదే. తిండికి ఎలాగో తంటాలు పడొచ్చు, సంపూర్ణమ్మ గొంతు వినకుండా రోజులు ఎలా గడుస్తాయి? అయినా భార్యతో ఆ మాట అనలేదు. క్యారియరు తీసుకుని, మెడలో మరియమ్మ స్వరూపం బిళ్ళ చొక్కాలోకి తోసుకుని మెట్లు దిగాడు.

మైలవరంలో బస్సు టాపు మీది నుంచి బ్యాటరీ దింపుకుంటుంటే ఎడమ చెయ్యి భుజం నుంచి వేళ్ళ దాకా లాగింది. బరువుకేలే అనుకున్నాడు. అక్కడ నుంచి పెళ్ళివారి బండిలో రెండు మైళ్ళు. మామిడితోట అంచున పందిరి. ఒక హారను ఊరి వైపు, ఒకటి రోడ్డు వైపు తిప్పి కట్టాడు. మొదటి రికార్డు వినాయకుడిది. మెడలో మరియమ్మ స్వరూపంతోనే ముప్ఫై ఏళ్ళుగా విఘ్నేశ్వరుణ్ణి ముందు నిలబెడుతున్నాడు, ఆ ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు.

పగటి ముహూర్తం. తాళి కట్టడం అయిపోయి, జనం విస్తళ్ళ ముందు కూర్చున్నాక బాలశౌరి తన పదకొండింట్లోంచి ఒకటి తీశాడు. రెండు చరణాలు పడ్డాయో లేదో, పందిట్లోంచి ఒక ముసలావిడ చేతిలో మజ్జిగ గ్లాసుతో వచ్చి మిషను పక్కన నవారు మంచం మీద కూలబడింది. పెళ్ళికూతురి నాయనమ్మ, బుల్లెమ్మ.

"సంపూర్ణమ్మ కదటయ్యా! బతికే ఉందా?"

"పోయి ఆరేళ్ళయిందండి."

"అయ్యో. ఇంద, మజ్జిగ తాగు. నా చిన్నతనంలో మూడూళ్ళవతలకి నడిచి వెళ్ళి చూశాను ఆవిణ్ణి. మా అత్తకి చెప్పకుండా వెళ్ళాన్లే." బోసినోటితో నవ్వింది. "అదెయ్యి. కాలదన్నినా స్వామీ. ఎంత తియ్యగా ఉంటుంది!"

"అది తప్ప ఏదైనా అడగండి పెద్దమ్మగారూ."

"ఏం, రికార్డు పగిలిందా?"

పగిలిందని అనేస్తే పోయేది. కానీ సంపూర్ణమ్మను మూడూళ్ళు నడిచి చూసిన మనిషితో అబద్ధమాడ బుద్ధి కాలేదు. పడవ పాట రికార్డు తీసి, వెనక వైపు చూపించాడు. ఆవిడకి చదువు రాదు. ఏం రాశావని అడిగింది. చెప్పాడు. ఎందుకని అడిగింది.

"నేను ఆవిడ కంపెనీలో పెట్రోమాక్సు లైట్లు పట్టేవాణ్ణండి, ఇరవయ్యేళ్ళప్పుడు. ఒక ఊళ్ళో కంట్రాక్టరొకడు తాగి, ఆవిడ ముస్తాబయ్యే గదిలోకి తోసుకొచ్చాడు. ఆవిడ ఒక్క మాట అనలేదండి. కాలిది తీసి ఎడాపెడా నాలుగు వాయించింది. వాడు పరిగెత్తాడు. ఇంతలో గంట కొట్టారు. ఆ చెప్పు అక్కడ పడేసి, రెండోది కాలికి అలాగే ఉండగా స్టేజీ మీదకి పోయి పడవ పాట ఎత్తుకుందండి. నేను లైటు పట్టుకుని నిలబడ్డాను. అలాంటి మనిషి, తన్నినా ఏడవనని పాడటమేమిటండీ? పోనీ బాగా పాడలేదా అంటే, ఇరవై రెండింట్లో అంత తియ్యగా ఏదీ పాడలేదు. అబద్ధాన్ని అంత తియ్యగా పాడితే జనం నమ్మరూ?"

బుల్లెమ్మకు కంట్రాక్టరు దగ్గరే నవ్వు మొదలైంది. నవ్వీ నవ్వీ పొలమారి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తన్నులు తిన్నవాడి సంగతి రెండోసారి చెప్పించుకుని విన్నది.

"ఆవిడతోనే అనకపోయావా ఈ మాట?"

"అన్నానండి. పద్దెనిమిదేళ్ళ కిందట బెజవాడ స్టేషన్లో మద్రాసు బండి కోసం కూర్చుని ఉంటే వెళ్ళి దణ్ణం పెట్టాను. అమ్మా, తమరి పాటలన్నీ వేస్తాను, అదొక్కటీ వెయ్యనన్నాను. తమలపాకుకి సున్నం రాస్తున్నదల్లా ఆగి, 'నాకింత కూడు పెట్టింది ఆ పాటేరా, వద్దనడానికి నువ్వెవడివి?' అంది. 'తమరు చెప్పినా వెయ్యనండి' అన్నాను."

"ఓరి నీ దుంపతెగ! ఏమంది?"

"పో అవతలికి అందండి. వచ్చేశాను. ఆ సాయంత్రమే కాంపౌండరు దగ్గర ప్లాస్టరు అడిగి తెచ్చి అంటించాను."

బుల్లెమ్మ పడవ పాట రెండుసార్లు వేయించుకుని, పెదాలు కదుపుతూ వింటూ కూర్చుంది. బాలశౌరికి ఆ ఎండపూట ఎంత హాయిగా ఉందో చెప్పలేం. చెయ్యి లాగుతున్న సంగతి కూడా మరిచిపోయాడు.

నాలుగింటికి అప్పగింతలు మొదలయ్యాయి. పళ్ళెంలో పాలు పోసి, పెళ్ళికూతురు రామతులసి చేతులు ముంచి, అత్తమామల చేతుల్లో పెడుతున్నారు. పిల్ల వెక్కుతోంది. పిల్ల తండ్రి రామకోటేశ్వరరావు పందిట్లోంచే చెయ్యి ఊపాడు, వెయ్యమని. బాలశౌరి నాదస్వరం రికార్డు పెట్టాడు. మళ్ళీ ఊపాడు. నాదస్వరమే. ఆయన కండువా దులుపుకుంటూ స్వయంగా వచ్చాడు.

"ఏమయ్యా, వెంకటకృష్ణారావు చెప్పలేదా నీకు?"

"చెప్పారండి."

"మరి?"

"ఆ పాట నేను వెయ్యనండి. పిల్లని కాపురానికి పంపుతూ ఆ పాట వెయ్యను. మీకు కోపం వస్తే రానివ్వండి."

ఇంత సూటిగా ఎవరూ మాట్లాడరాయనతో. మొహం కందగడ్డయింది. "నీ ఉద్యోగం ఊడుతుందని తెలుసా?"

"తెలుసండి."

"అయితే అసలు నీ మైకే అక్కర్లేదు నాకు. ఆపెయ్!"

బాలశౌరి పిన్ను లేపి, బ్యాటరీ వైరు తీసేశాడు. పొద్దుటినుంచి మోగుతున్న హారన్లు ఆగేసరికి తోటలో కాకులు కూడా వినపడ్డాయి. జనం మిషను వైపు తిరిగి చూశారు. ముప్ఫై ఏళ్ళలో పెళ్ళిలో అతని మైకు ఆగడం అదే మొదలు. ప్లాస్టరున్న రికార్డు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు రెండు చేతులూ దాని మీద వేసి కూర్చున్నాడు.

"పోనీ నువ్వు పాడవే అమ్మా, నీకొచ్చుగా ఆ పాట," అన్నాడు రామకోటేశ్వరరావు తల్లి బుల్లెమ్మతో.

ఆడవాళ్ళు కొంగులు సిద్ధం చేసుకున్నారు. బుల్లెమ్మ లేచి మనవరాలి దగ్గరికి వెళ్ళి, పాల చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. గొంతు సవరించుకుంది.

"పడవ నాది, గెడ నాది, ఏరు దాటే దారి నాది... ఎక్కితే ఎక్కు దొరా, లేకుంటే ఈదుకో..."

పందిరంతా ఒక్క క్షణం బిత్తరపోయింది. రామతులసి వెక్కుతూ వెక్కుతూనే ఫక్కున నవ్వింది. పెళ్ళికొడుకు దిక్కులు చూశాడు. అప్పటికే బాలశౌరి వైరు కలిపి, మైకు పట్టుకుని పందిట్లోకి పరుగున వచ్చాడు. బుల్లెమ్మ నోటి ముందు మైకు పెట్టి, ఇరవయ్యేళ్ళప్పుడు లైటు పట్టుకున్నట్టే కదలకుండా నిలబడ్డాడు. పళ్ళులేని ఆ గొంతు ఊరి మీదకీ రోడ్డు మీదకీ పోయింది. శ్రుతి రెండుచోట్ల తప్పింది. అతనికి రెండూ తెలిశాయి, రెండూ నచ్చాయి.

పెళ్ళికూతురి కారు వెళ్ళిపోయాక రామకోటేశ్వరరావు, "రేపే మీ వెంకటకృష్ణారావుతో చెప్తాను," అన్నాడు.

"చెప్పండి," అన్నాడు బాలశౌరి వైరు చుట్టుకుంటూ.

బండి మైలవరం బస్టాండులో దింపి వెళ్ళింది. బస్సు ఆరింటికి. బాలశౌరి హారన్లు గోడకి ఆనించి, బ్యాటరీ పెట్టె మీద కూర్చుని, రికార్డుల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. పల్లీలమ్మే ఆమెను మంచినీళ్ళు అడిగి తాగాడు. కళ్ళు మూసుకుని ఏదో కూనిరాగం తీస్తున్నాడని ఆవిడ తరవాత చెప్పింది. బస్సు వచ్చాక సామాను టాపు మీద వేయమంటారా అని కండక్టరు రెండుసార్లు అడిగాడు. మూడోసారి భుజం తట్టి, టోపీ తీసేశాడు.

బాలశౌరి పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక వెంకటకృష్ణారావు పెట్టె పట్టుకుని కొండమీదికి వచ్చాడు. మనిషి మంచివాడే. షాపులో ఒంటరిగా ఉన్నప్పుడు ప్లాస్టరు మూల గోటితో కాస్త లేపి చూశాడు, అంతే.

"తెరేసమ్మా, ఈ పదకొండూ నీవి. మిగతావి నీ దగ్గరే ఉంచుకో. ఆ ఒక్క రికార్డూ షాపుకి ఇవ్వరాదూ? జనం ప్రాణం తీస్తున్నారు."

తెరేసమ్మకు సంపూర్ణమ్మ అంటే ఎప్పుడూ అంత మోజు లేదు. పాటలన్నీ ఒకలాగే వినపడేవి. అయినా తల అడ్డంగా ఊపింది. "ఆయన వెయ్యనన్నాడు కదండీ," అంది.

అతను వెళ్ళాక గడపలో కూర్చుని ఆ రికార్డు తీసింది. లేచిన ప్లాస్టరు మూల మీద, బొటనవేలు నాలిక మీద తడిచేసుకుని, గట్టిగా అదిమి, అక్షరాల మీదుగా రాసింది. తడి తగిలి ఇంకుపెన్సిలు అక్షరాలు ఒక్కొక్కటే ఊదారంగు తేలాయి: ఈ వైపు వద్దు.