దించాక ఉడికేది

"పులస కదా, నీ చేత్తో చేస్తేనే రుచి" అన్నాడు జయంత్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. మెచ్చుకోలులా వినిపించే ఆజ్ఞలకు మీనాకుమారి పదకొండేళ్లుగా అలవాటు పడింది. ఒంటిగంటకు అతని ఆఫీసరుగారి కుటుంబం ధవళేశ్వరంలోని ఈ ఇంటికి భోజనానికి వస్తోంది. రెండింటికి కాకినాడలో ఆమె పీహెచ్‌డీ కమిటీ కూర్చుంటుంది. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు. ఇవాళ వెళ్లకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ మాట నిన్న చెబితే అతను నవ్వాడు. "అణు రాకెట్ ఎలాగూ ఎగరదు మీనా. ఆఫీసరుగారు మాత్రం వస్తారు." వెళ్లొద్దని ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. వెళ్లే వీలు మాత్రం మిగల్చలేదు.

వ్యోమనౌకను ఒక కక్ష్య నుంచి పై కక్ష్యకు చేర్చే అణు ఇంజిన్‌ను ఎప్పుడు రగిలించాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే ఆమె పరిశోధన. కాలేజీలో పాఠాలు చెప్పొచ్చి, వంటిల్లు సర్దాక మిగిలిన గంటల్లో ఆరేళ్లు చేసింది. లెక్కలో నౌక ప్రతిసారీ చేరాల్సిన కక్ష్యను దాటిపోయేది. తప్పెక్కడో తెలియక, బాత్‌రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి. దారి చూపింది, ఆశ్చర్యం, అత్తగారు రామతులసిగారే. పోయిన నెల చేపముక్కలు పులుసులో చెదిరిపోతే ఆవిడ తిట్టలేదు. "మట్టిదాక అమ్మాయ్. పొయ్యి కట్టేసినా పావుగంట ఉడుకుతుంది. ఆ ఉడుకు కూడా లెక్కేసుకుని ముందే కట్టెయ్యాలి" అంది. మీనాకుమారి చేతిలో మసిగుడ్డ అలాగే ఉండిపోయింది. ఇంజిన్‌లోని అణు రియాక్టరూ అంతే కదా. ఆపినా దాని వేడి చావదు. చల్లార్చడానికి హైడ్రోజన్ పంపుతూనే ఉండాలి. బయటికిపోయే ఆ వాయువు నౌకను ఇంకాస్త నెడుతుంది. తాను మాత్రం, ఆపగానే తోపుడు సున్నా అని రాసుకుంది. దాన్ని దిద్ది, లెక్కలో ఇంజిన్‌ను కాస్త ముందే ఆపింది. నౌక వెళ్లాల్సిన చోటికి వెళ్లింది.

పదకొండున్నరకు మట్టిదాకలో పులస పులుసు కుతకుతలాడుతోంది. గుమ్మంలోకి అత్తగారు వచ్చింది. కోడలి లాప్‌టాప్ సంచి తెచ్చి బల్లమీద పెట్టి, పక్కనే పెరుగన్నం డబ్బా పెట్టింది.

మీనాకుమారి పొయ్యి కట్టేసి, చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుంది.

హాల్లోంచి లేచి వచ్చాడు జయంత్. "ఎక్కడికి? ముక్క ఇంకా ఉడకలేదుగా?"

"మిగతాది నేను లేకపోయినా ఉడుకుతుందండీ" అని చెప్పులు వేసుకుంది.