డ్వేన్ బేస్‌మెంట్

సోమవారం పొద్దున పదింటికల్లా ఆర్లెన్ ఇల్లు ఖాళీ చెయ్యాలి. ముప్ఫై ఒక్కేళ్ల కాపురం ముగిశాక ఇల్లు భార్య జూడిత్‌కి వెళ్లింది. ఆర్లెన్‌కి గాలాలూ, ఒక పడవా దక్కాయి. ఫిబ్రవరిలో, అందులోనూ సరస్సులన్నీ గడ్డకట్టే మినసోటాలో, పడవ ఎందుకూ పనికిరాదు. ఇవాళ శనివారం. వెళ్లడానికి అతనికి తోచిన చోటు ఒక్కటే, స్నేహితుడు డ్వేన్ ఇంటి కిందున్న బేస్‌మెంట్. డ్వేన్, కాథ్లీన్ దంపతుల కూతురికి పెళ్లయ్యాక అక్కడ మంచం, బాత్రూం, విడిగా ఒక గుమ్మం, అన్నీ ఊరికే పడి ఉన్నాయి.

కానీ నోరు తెరిచి అడగడం కుదరదు. ఆ ఊళ్లో మర్యాదస్తుడు ఎవరినీ ఏదీ అడగడు. అవతలివాళ్లే ఇస్తామనాలి. అన్నా వెంటనే పుచ్చుకోకూడదు. ఒకసారి వద్దనాలి, రెండోసారి అయ్యో వద్దనాలి, మూడోసారికి మొహమాటపడుతూ ఒప్పుకోవాలి. మొదటి పిలుపుకే ఊ అన్నవాడి గురించి చర్చి మెట్ల మీద పదేళ్లు చెప్పుకుంటారు. పెళ్లికి జూడిత్ కూడా మూడోసారికే ఒప్పుకుంది. విడాకులు మాత్రం ఒక్కసారే అడిగింది.

ఆర్లెన్, డ్వేన్, మైలో, ముగ్గురు స్నేహితులూ పొద్దున ఏడింటి నుంచీ పెలికన్ సరస్సు మీదే ఉన్నారు. రెండడుగుల మందాన గడ్డకట్టిన మంచు, దాని మీద మైలో ట్రక్కుతో లాక్కొచ్చిన చక్రాల గది, గదిలో సోఫా, హీటరు, టీవీ. చేపలు పట్టడానికి గది నేలలోనూ, దాని కింది మంచులోనూ కన్నాలు. ఒక కన్నంలోంచి నీళ్లలోకి కెమెరా దింపి, చేపలు వస్తున్నాయో లేదో టీవీలో చూసుకుంటారు. రాకపోవడం చాలా స్పష్టంగా కనిపిస్తోంది.

"రంగు చూడండ్రా ఎలా ఉందో," అన్నాడు మైలో, ఖాళీ నీళ్లను చూపించి మురిసిపోతూ.

"అవున్రా. పాత టీవీలో ఏమీ లేకపోవడం ఇంత బాగా తెలిసేది కాదు," అన్నాడు డ్వేన్.

ఆర్లెన్ తన కన్నంలోకి చూస్తూ, "ఎల్లుండి ఖాళీ చెయ్యాలట," అన్నాడు.

మైలో టీవీ చప్పుడు తగ్గించాడు. నీళ్లకు చప్పుడేమీ లేదు, మర్యాద కోసం తగ్గించాడు.

"మరి ఎక్కడికి పోతావురా?"

"చూడాలి. ఏదో ఒకటి దొరక్కపోదులే."

డ్వేన్ కన్నం మీద పేరుకున్న మంచుపలుకుల్ని గరిటెతో తీసి పక్కన పోశాడు. మళ్లీ గరిటె ముంచాడు, తీయడానికేమీ మిగల్లేదు.

"మా బేస్‌మెంట్ ఖాళీయేగా. వచ్చి ఉండు," అన్నాడు.

"ఛ ఛ, మీకెందుకురా శ్రమ. కాథ్లీన్‌కి ఇబ్బంది."

"దానికేం ఇబ్బందిరా? కింద కొత్త హీటరు కూడా పెట్టించాం. వచ్చెయ్."

"వద్దులేరా, నిజంగా."

రెండో వద్దు చాలా బాగా కుదిరింది. గొంతులో కాస్త నిర్లక్ష్యం కూడా పలికింది. డ్వేన్ గరిటె కింద పెట్టి, అతని వైపు తిరిగి, నోరు తెరిచాడు. ఆర్లెన్ మనసులో అప్పటికే మంచాన్ని కిటికీ పక్కకు జరిపేశాడు.

డ్వేన్ గాలానికి కట్టిన గంట గణగణా మోగింది.

"వచ్చిందిరోయ్!"

"లాగకు, లాగకు! వదులురా!"

"నాకు నేర్పుతావేంట్రా, నీ టీవీ చూసుకో!"

అయిదు నిమిషాలకు రెండడుగుల పైచిలుకు వాలై చేప నేల మీద కొట్టుకుంటోంది. మూడుసార్లు కొలిచారు. కొలిచినకొద్దీ పెరిగింది. మైలో ఫొటోలు తీశాడు, డ్వేన్ వాటిని కాథ్లీన్‌కి పంపాడు. గంటన్నర సేపు చేప తప్ప మరో మాట లేదు.

చివరికి ఆర్లెన్ ఉండబట్టలేక, "కొత్త హీటరు బాగా పనిచేస్తోందా?" అన్నాడు.

"ఎక్కడి హీటరు?"

"మీ బేస్‌మెంట్‌లోది."

"అదా? బ్రహ్మాండంగా ఉంది. కాథ్లీన్ తన కుట్టుమిషన్ కిందికి మార్చుకుంటుందట. ఫొటోలతో పాటు చెప్పేశాలే, నువ్వు రావట్లేదని."

"చెప్పేశావా?"

"'వద్దు, నిజంగా' అన్నావు కదరా. అలా అన్నాక కూడా అడిగితే బలవంతపెట్టినట్టుంటుంది."

"అవున్లే, బాగుండదు."

వచ్చి ఉంటానని రెండు మాటలంటే చాలు. ఆర్లెన్ నోరు తెరిచాడు. మైలో, డ్వేన్ ఇద్దరూ అతని వైపు చూశారు.

"కుట్టుపనికి అక్కడ వెలుతురు బాగుంటుంది," అన్నాడు ఆర్లెన్.

"అదే కాథ్లీన్ కూడా అంది. కానీ అదేమో పాతకాలం ఇనప మిషన్. నా నడుం చూస్తే ఇలా ఉంది." డ్వేన్ నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "రేపు ఎలా దించుతానో ఏమో."

"నేనొస్తాలే."

"వస్తావా? చర్చి అయిపోగానే వచ్చెయ్ మరి. కింద చోటు లేదు, ముందు మంచం పైకి తెచ్చి పారెయ్యాలి. మెట్ల మలుపు మహా ఇరుకు."

"నేను కింది వైపు పట్టుకుంటా," అన్నాడు ఆర్లెన్. "బరువంతా అటే పడుతుంది."