తుమ్మచెట్టుకు కట్టిన బోటు

నడి ఏట్లో ఇంజను బలం పోవడం. నాకు అన్నిటికన్నా పెద్ద భయం అదే. పాము కనిపించినా నేనంత భయపడను.

మా ఆయన జాషువా నడిపేది మామూలు పడవ కాదు, జెట్ బోటు. దానికి బయట తిరిగే పంకా ఉండదు, చుక్కాని ఉండదు. లోపలి పంపు కింది నుంచి నీళ్లు లాగి వెనక నుంచి చిమ్ముతుంది. ఆ చిమ్మే మూతిని ఎటు తిప్పితే దాన్నిబట్టి బోటు తిరుగుతుంది. అంటే ఇంజను బలం తగ్గితే ముందుకు పోవడమే కాదు, పక్కకు తిరగడం కూడా పోతుంది. ఇక కృష్ణమ్మ ఎటు తీసుకుపోతే అటే. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి ఆయనే నాకు గొప్పగా చెప్పాడు. ఎందుకు చెప్పాడా అని ఇప్పటికీ అనుకుంటాను.

కరోనా వచ్చాక మా కొల్లాపూర్ వైపు ఏరు చూడ్డానికి వచ్చేవాళ్లు లేకపోయారు. బోటు యజమాని అశోక్‌కుమార్ సారు దాన్ని మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టించాడు. బోటు షెడ్డులోకి ఎక్కేనాటికి మా చిన్నది ఇంకా నా కడుపులో పడలేదు. మళ్లీ నీళ్లలోకి దిగేనాటికి అది గోడ పట్టుకుని నడుస్తోంది. అన్నాళ్లూ ఆయన పొద్దున లేవగానే బోటు మీది దుమ్ము తుడిచాకే మొహం కడుక్కునేవాడు. వేవిళ్లతో వాకిట్లో కూర్చున్న నాకు ఆ బోటంటే కొంచెం కుళ్లుగానే ఉండేది.

మా అత్త జానమ్మ నాకు మేనత్త కూడా. ఆదివారం చర్చి తప్పదు, కానీ ఆమె పట్టింపులు ఆమెవి. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు చెరపనివ్వదు. అది కూడా పిల్లల కోసమే కదా కట్టుకుంటుంది అంటుంది. ఆ ఏడు మా ఇంట్లో తలుపు మూలన ఒక గూడు, కరెంటు మీటరు కింద ఒకటి, బోటు పక్క అంచు మీద ఒకటి లేచాయి. ఆయన తడిగుడ్డ తీసుకుని పోతే అత్త అడ్డం వచ్చింది.

"గది ముట్టకు బిడ్డా."

"అమ్మా, గిది బోటే. ఇల్లు గాదు."

"మన ఇంటెన్క లేదా? ముట్టకు."

"పాస్టరయ్యకు చెప్త ఉండు."

"చెప్పు పో. ఆయన పెండ్లాం కడుపుతోని ఉన్నప్పుడు ఆళ్లింట్ల గూళ్లను కాపాడింది నేనే."

ఆయన గుడ్డ పిండి, గూడు చుట్టూ తుడుచుకుని వచ్చాడు.

వానలు పడి ఏరు నిండాక అశోక్‌కుమార్ సారు ఫోన్ చేశాడు. ఆదివారం తన చుట్టాలు పిల్లలతో వస్తున్నారని, అవతలి ఒడ్డు దాకా తిప్పి తేవాలని. మా ఆయన స్నేహితుడు ఎల్లస్వామి కొత్తకోటలో ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఆయన వచ్చి బ్యాటరీ మార్చాడు, పాత పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు, ప్లగ్గులు మార్చాడు. ఇంజను ఒక్క పిలుపుకే లేచింది. ఆదివారానికి ముందే ఒకసారి నడిపి చూద్దామని మా ఆయన బోటును ఏట్లోకి తీశాడు.

చిన్నదాన్ని చంకనేసుకుని ఒడ్డున నిలబడ్డాను. బోటు నీళ్లు చీల్చుకుంటూ బాగానే పోయింది. ఏటి మధ్యకు చేరాక దాని గొంతు దిగింది. ముసలివాళ్లలా దగ్గింది. తర్వాత బోటు అడ్డం తిరిగి, తనంతట తాను ప్రవాహం వెంట కిందికి పోసాగింది. నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. చిన్నది మాత్రం నా మొహం చూసి ఏడ్చింది. చేపలు పట్టే ఐలేశం మామ తన గుండ్రటి పుట్టి వేసుకుని పోయి, తాడు కట్టి, తెడ్డు వేసుకుంటూ లాక్కొచ్చాడు.

"జెట్టు జెట్టు అంటివి గదరా జాషువా! నా పుట్టి గుంజుకొచ్చె సూడు," అని ఐలేశం మామ ఒడ్డు ఎక్కేదాకా నవ్వాడు.

మా ఆయన కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "బావా, ఆదివారం నువ్వు పోవద్దు," అన్నాను.

"సారుకు మాటిచ్చిన భాగ్యా. బాగైతది, ఫికర్ చెయ్యకు."

"గట్లయితే బాగయ్యేదాక తాడు కట్టి నడుపు. తాడిప్పితే నా మీద ఒట్టే."

మరునాడు పొద్దున నేనే ఇంట్లోంచి మోకు తెచ్చాను. ఐలేశం మామ మళ్లీ నవ్వాడు. "బర్రెను కట్టేసినట్టు కట్టేస్తున్నవా బిడ్డా, మొగన్ని?"

ఎల్లస్వామి మాత్రం నవ్వలేదు. "మంచిదే చెల్లె. ఒడ్డుకాడ్నే ఉంటే ఇంజను మాట మనకు ఇనొస్తది. కాని తాడు బిగ్గెనుండాలె. వదులైతే పంపు మింగుతది," అన్నాడు. బోటు వెనక పైకడియానికి మోకు కట్టి, రెండో కొస ఒడ్డున తుమ్మచెట్టుకు బిగించాడు.

ఇంజను పెంచితే బోటు ముందుకు లాగింది. మోకు బిగిసి తుమ్మచెట్టు ఊగింది. కాసేపటికి మళ్లీ అదే దగ్గు. ఎల్లస్వామి ముందు పెట్రోలు ఉందా అని చూడటానికి ట్యాంకు మూత తీసి పుల్ల పెట్టాడు. పెట్రోలు ఉంది. కార్బురేటర్ విప్పి కడిగాడు. ఇంజను మళ్లీ బాగా నడిచింది. "అయిపాయె, గదే రోగం," అన్నాడు. కొంతసేపు కాగానే మళ్లీ దగ్గు. మళ్లీ మూత తీశాడు, పుల్ల పెట్టాడు. ఈసారి మా ఆయన నీళ్లలో మునిగి పంపు జాలీకి పట్టిన నాచు పీకాడు. మళ్లీ నడిచింది. ఇద్దరూ ఈసారి నాచే కారణం అనుకున్నారు. మళ్లీ అంతే.

ఎండెక్కింది. చిన్నది పాలకు ఏడుస్తుంటే తుమ్మచెట్టు నీడలో కూర్చుని పాలసీసా పట్టాను. కొత్త పీక. గబగబా లాగుతుంది, కాసేపటికి పీక లోపలికి అణిగిపోతుంది, పాలు రావు, సీసాలో పాలున్నా ఏడుస్తుంది. అప్పుడు మూత కొంచెం వదులు చెయ్యాలి. సుయ్‌మని గాలి పోతుంది, పీక లేస్తుంది, మళ్లీ తాగుతుంది. రోజూ నేను చేసే పనే. ఆ రోజూ చేశాను.

అంతలో ఇంజను మళ్లీ దగ్గింది. ఎల్లస్వామి ట్యాంకు మూత తిప్పాడు.

సుయ్‌మంది.

నా చేతిలో సీసా చేతిలోనే ఉంది. "అన్నా, గా సప్పుడేంది?" అన్నాను.

"ఏ సప్పుడు చెల్లె?"

"మూత తీసినప్పుడు అయింది గద. గాలి లోపలికి పోయింది. మా చిన్నదాని సీస గూడ గట్లనే చేస్తది. మూత వదులు చేస్తేనే పాలొస్తయి."

ఎల్లస్వామి సీసా వంక, ట్యాంకు వంక చూశాడు. మా ఆయన బోటులోంచే అరిచాడు. "మనం పొద్దటి సంది బాగు చేసినమనుకున్నప్పుడల్ల మూత తీసినం గదరా! అది మూత తీస్తేనే నడిచింది!"

మూత బిగించకుండా పైన పెట్టి వదిలి, మళ్లీ ఇంజను పెంచారు. మోకు బిగిసింది, తుమ్మచెట్టు ఊగింది. చిన్నది పాలన్నీ తాగి నా ఒళ్లో నిద్రపోయింది. ఇంజను గొంతు దిగలేదు.

"అయితే ట్యాంకుకు ఊపిరి అందుతలేదు," అన్నాడు ఎల్లస్వామి. "పెట్రోలు తగ్గిన కొద్దీ లోపలికి గాలి రావాలె. గాలి బొక్క యాడున్నది జాషువా?"

మా ఆయన బోటు పక్క అంచు దగ్గరికి పోయి, అక్కడే ఆగిపోయాడు. తర్వాత ఊరి వైపు తిరిగి గట్టిగా "అమ్మా!" అని పిలిచాడు.

అత్త వచ్చి చూసింది. సన్న జాలీ ఉన్న ఆ చిన్న బొక్కను పూర్తిగా కప్పి, నున్నగా ఎండిపోయిన మట్టిగూడు. నేనూ చూశాను. మా చిన్నదాని కోసం ఎవరినీ ముట్టనివ్వని గూడు.

"నీ మనుమరాలి గూడు నా బోటు గొంతు పిసుకుతాంది అమ్మా," అన్నాడు ఆయన.

"నోరు ముయ్యి. నీ బోటు బొక్క అక్కడుంటదని నాకేమెరుక?" అంటూ అత్త వంగి, గూడు పైభాగం వేలితో తడిమింది. గూటి గదులకన్నిటికీ పైన చిన్న చిన్న రంధ్రాలున్నాయి, అడుగు మట్టి మాత్రం బొక్కను మూసే ఉంది. "పిల్లలు ఎగిరిపోయినయి తియ్. ఖాళీ ఇల్లే. ఆగు, నేనే తీస్త." కొంగు ఏట్లో తడిపి, మట్టి నానబెట్టి, బిడ్డ ముక్కు తుడిచినంత నెమ్మదిగా తీసింది. జాలీని ఎల్లస్వామి ఊది శుభ్రం చేశాడు.

మూత గట్టిగా బిగించి మళ్లీ చూశారు. దగ్గు లేదు. మోకు ముడి నేనే విప్పాను. ముడి బిగిసిపోయింది, పళ్లతో కూడా లాగాను. ఆయన నడి ఏరు దాటి, గుండ్రంగా తిరిగి, నీళ్లు చిమ్ముకుంటూ వచ్చేదాకా ఆ మోకును చేతికి చుట్టుకునే ఉన్నాను.

"ఇగ నీ భయం పోయిందా?" అని అడిగాడు దిగుతూ.

"బోటు భయం పోయింది. నీ గురించి భయం పోలే," అన్నాను.

ఆదివారం చుట్టాలు వచ్చారు, తిరిగారు, సంతోషంగా పోయారు. ఇప్పుడు బోటు రోజూ తిరుగుతోంది. ఎక్కినవాళ్లందరికీ ఆయన లైఫ్ జాకెట్లు తొడిగించి, పిల్లల పట్టీలు తానే బిగిస్తాడు. తనది మాత్రం సీటు వెనక తగిలిస్తాడు. మెడ దగ్గర ఒరుసుకుంటుందట. చిన్నదాన్ని పెట్టుకుని రోజూ ఒడ్డుకు పోవడం నాకు కుదరదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఎప్పుడైనా కొల్లాపూర్ వైపు వచ్చి మా బోటు ఎక్కితే, కూర్చునే ముందు ఒకసారి ఆయన వైపు చూడండి. జాకెట్ సీటుకే ఉంటే భాగ్య అడిగిందని చెప్పండి. తొడుక్కుని పట్టీలు బిగించేదాకా బోటు కదలనివ్వకండి.