డ్రైవరు తప్పేం లేదు

“రోడ్డు మింగిన కాంట్రాక్టర్లారా! ఏసురత్నం కాలు విరగ్గొట్టింది మీరే!”

తిరువూరు బస్టాండు దగ్గర బల్లెక్కి అంకారావు అరుస్తున్నాడు. నలుగురు పోగైతే చాలు, బల్ల వెతుక్కోవడం అతనికి అలవాటు. ఎదురుగా, మదార్ నడిపే అంబాసిడర్ టాక్సీ కింద ఏసురత్నం సైకిలు అప్పడంలా పడి ఉంది. మనిషిని అప్పుడే ఆసుపత్రికి మోసుకుపోయారు.

మదార్ హెడ్డు కానిస్టేబులుతో అన్నాడు. “తప్పు నాదేనండి. వెనక కూర్చున్నోళ్లతో మాట్లాడతా ముందు చూసుకోలేదు.”

“నోర్ముయ్ మదార్! పేదోడివి, జైలుకి పోతావా?” అంకారావు బల్ల మీదినుంచి దూకాడు. “రాసుకోండి సార్. నా కళ్లారా చూశా. గుంట తప్పించబోయి సైకిలే కారు కిందికొచ్చింది. డ్రైవరు తప్పేం లేదు!”

నిజానికి ఆ క్షణాన అతని కళ్లు కాకా హోటల్లో మిరపకాయ బజ్జీ మీద ఉన్నాయి. రోడ్డు వైపు ఉన్నది వీపు. అయినా నాయకుడన్నవాడు చూడలేదంటే ఎట్లా? సంతకం పెట్టాడు. ఒక పేదవాణ్ణి కాపాడిన సంబరంలో ఇంకో బజ్జీ లాగించాడు.

కొన్నాళ్లకి బెజవాడ నుంచి ఇన్సూరెన్సు కంపెనీ మనిషి ఇస్త్రీ మడతలతో అదే హోటలుకి వచ్చి అంకారావు చెయ్యి పట్టుకున్నాడు.

“మీలాంటి సాక్షి ఊరికొకరుంటే మా కంపెనీ చల్లగా ఉంటుందండీ.”

“ఏదో, మనకి చేతనైంది. ఇంతకీ ఏం చేశానండి?”

“కారుకి బీమా ఉంది. డ్రైవరు తప్పని తేలితే దెబ్బతిన్నవాడికి కోర్టు చెప్పినంతా మేం కట్టాలి. డ్రైవరు జేబులోంచి పోదు. తప్పే లేదంటే మేమూ కట్టం, ఓనరూ కట్టడు. మీ మాట మాకు బంగారం.”

అంకారావు కొరికిన బజ్జీని తిరిగి ప్లేటులో పెట్టేశాడు.

వెనక అంట్లు తోముతున్న జోజమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొగుడు ఏసురత్నం మంచాన పడ్డాక అక్కడే పనికి కుదిరింది.

“మా ఆయన కాలు కారు తీసింది, కూడు నీ నోరు తీసింది. మదార్ తప్పొప్పుకుంటుంటే మధ్యలో నిన్ను పిలిచిందెవరయ్యా? నీ సాయం మండా!”

తిట్టడానికి ఒక్క కాంట్రాక్టరైనా దొరుకుతాడేమోనని అంకారావు చుట్టూ చూశాడు. బజ్జీలు వేసేవాడు తప్ప ఎవరూ దొరకలేదు.

టాక్సీల దగ్గరికి పరిగెత్తాడు. “ఇప్పుడు నిజం చెప్తావా మదార్? కేసు పడుద్దేమో.”

“పడనీ అన్నా. ఏసురత్నం ఇంటి ముందు నుంచి బండి తోలలేకపోతున్నా. మరి అబద్ధం చెప్పావని నిన్ను లోపలేస్తే?”

“ఎయ్యనీ. అక్కడన్నా నోరు మూసుకుంటానేమో.”

ఇద్దరూ స్టేషనుకి నడిచారు. అలవాటుగా జనం వెంటపడ్డారు. అలవాటుగా అంకారావు బల్లెక్కాడు.

“అబద్ధపు సాక్షి అంకారావు!”

“డౌన్ డౌన్!”

ఇన్నేళ్లలో జనం అంత మనసుపెట్టి ఎప్పుడూ పలకలేదు. జోజమ్మ గొంతు అందరికంటే పైన వినిపించింది.

“హెడ్డుగారూ!” అన్నాడు అంకారావు. “నేను చూళ్లేదు, బజ్జీ తింటున్నా. నా మాట కొట్టెయ్యండి. మదార్ చెప్పింది రాయండి. ఏసురత్నం కేసు కోర్టుకెక్కకముందే రాయాలి. రేపు కాదు, ఇప్పుడే, మా అందరి ముందూ రాయండి!”