తీసేసిన మాట

“కూర పొయ్యి మీద పడేసి పెళ్లిళ్లు చూసుకుంటా కూచుంటదమ్మా మా కోడలు,” అని గ్రేసమ్మ పక్కింటామెతో అంటుంటే, వంకాయలు తరుగుతున్న కెజియాకి కిటికీలోంచి వినపడింది. అత్తగారి గొంతులో కోపమేమీ లేదు. కోడలికి టీవీ పిచ్చి అని చెప్పినంత మామూలుగా చెప్పింది. కెజియా ముక్కల్ని ఉప్పునీళ్లలో వేసి, చేతులు తుడుచుకుని, పడకగది మూలనున్న కంప్యూటర్ ముందుకెళ్లి కూర్చుంది. ఎవరిదో నిశ్చితార్థం ఇంకా సగం మిగిలే ఉంది.

పిడుగురాళ్ల బజార్లో ఆమె భర్త క్రాంతి కుమార్‌కి వీడియో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకి, ఓణీల ఫంక్షన్లకి, చర్చి పండగలకి కెమెరా పట్టుకుని అతను వెళ్తాడు. అతను తెచ్చిన గంటల కొద్దీ వీడియోని కత్తిరించి, రంగులు సరిచేసి, పాటలు కలిపి, చూడబుద్ధయ్యేట్టు చేసేది కెజియా. మొదట్లో ఆ పనికి గుంటూరు పంపేవాళ్లు. తర్వాత ఎవరో ఇచ్చిన దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే వైరస్ వచ్చి ఒకళ్ల పెళ్లి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. క్రాంతి తల పట్టుకుని కూర్చున్న ఆ రోజుల్లోనే, పాపని బడికి పంపి, అత్తగారు కునుకు తీసే మధ్యాహ్నాల్లో కెజియా ఫోన్లో వెతికింది. ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటుందని, దాన్ని నేర్పే పాఠాలు బోలెడున్నాయని తెలిసింది. అర్థం కాని ఇంగ్లీషుని ఆపి ఆపి, వెనక్కి తిప్పి తిప్పి విన్నది. హక్కుల గొడవ లేని సంగీతం ఏ సైటులో దొరుకుతుందో, మైకులో దూరిన గాలి హోరుని ఏ టూలు తగ్గిస్తుందో కనిపెట్టింది. ఎడిటర్లు ఒకళ్లనొకళ్లు సందేహాలు అడుక్కునే ఒక ఫోరంలో చేరింది. ఒకసారి ఎవరో, ఏ దేశమో తెలియదు, మాటకీ పెదవికీ పొంతన కుదరక తంటాలు పడుతుంటే తనకి తెలిసిన దారి చెప్పింది. మీరు లేకపోతే నా పని ఆగిపోయేది అని అతను జవాబు రాశాడు. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకుందో. పెళ్లైన ఇన్నేళ్లలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు.

క్రాంతి చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. ఎడిటింగ్ బాగుందని స్టూడియోలో ఎవరన్నా అంటే నవ్వి ఊరుకుంటాడు. ఎవరు చేశారని అడిగితే, “మన దగ్గరే చేస్తామండీ,” అంటాడు. ఆ ‘మన’లో తను ఉందో లేదో కెజియాకి ఎప్పుడూ తేలలేదు.

కిందటేడు తిరుపతిరావు కూతురు సుష్మిత పెళ్లి వీడియో వచ్చింది. ఆయనకి సున్నపు బట్టీలున్నాయి, లారీలున్నాయి. ఆయన ఒక్క మాట చెప్తే చాలు, చుట్టుపక్కల ఫంక్షన్లన్నీ క్రాంతికే వచ్చేవి. పెళ్లికూతురి గదిలో స్టాండు మీద పెట్టి మర్చిపోయిన కెమెరా ఒకటి నడుస్తూనే ఉంది. అలంకరణ పూర్తయిన సుష్మిత తండ్రి ముందు నిలబడి ఏదో అంటోంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని గుంజుతున్నాడు. ఆ ముక్క దగ్గర క్రాంతి, ఇదంతా ఎందుకు, తీసేసి పాట వేసెయ్ అన్నాడు. కెజియా తీసేసింది. ముందురోజు మెహందీలో సుష్మిత నవ్విన షాట్ తెచ్చి అక్కడ పెట్టి, కింద సన్నాయి పరిచింది. పెళ్లిళ్లలో ఏడుపులు, తిట్లు, బంతి దగ్గర అలకలు, ఇవన్నీ రోజూ తీసేసేవే. ఆడపిల్ల ఏడిస్తే అప్పగింతల పాట వెయ్యడం ఆమె చేతికి అలవాటైపోయింది.

ఏడాది తిరక్కముందే సుష్మిత ఒక ఆదివారం వాళ్లింటికి వచ్చింది. వెంట ఫాయిజా అనే లాయరుంది. బలవంతంగా చేసిన పెళ్లిని రద్దు చెయ్యమని గురజాల కోర్టులో కేసు వేశామని, అమ్మాయి ఇష్టపడే పీటల మీద కూర్చుందని అవతలివాళ్లు వాదిస్తున్నారని, ఆ రోజు తీసిన అసలు వీడియో కావాలని ఫాయిజా చెప్పింది. క్రాంతి విచారంగా మొహం పెట్టి, పాత వీడియోలు ఎప్పుడో తీసేశామండీ, జాగా సరిపోదు అన్నాడు. టీ గ్లాసులు పట్టుకొచ్చిన కెజియా గుమ్మంలోనే ఆగిపోయింది. ఎప్పుడో కాదు. నిన్న సాయంత్రం తిరుపతిరావు దగ్గర్నుంచి ఫోన్ రాగానే, ఆమె కళ్లముందే తీసేశాడు.

మంచినీళ్ల వంకతో సుష్మిత వంటింట్లోకి వచ్చింది. నరసరావుపేటలో హాస్టల్లో ఉంటూ మందుల షాపులో పనిచేస్తున్నానని చెప్పింది. చిక్కిపోయి ఉంది.

“అక్కా, ఎడిటింగ్ మీరే చేస్తారంటగా. ఒక్క మాట చెప్పండి. నేను ఆ రోజు వద్దన్నానా?”

కెజియాకి ప్రశ్న అర్థం కాలేదు.

“నువ్వేం అన్లేదు, నవ్వుకుంటా కూర్చున్నావని మా ఇంట్లో అందరూ అంటన్నారు. వీడియోలో కూడా నవ్వుతానే ఉన్నా. చూసీ చూసీ నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా అన్నానా, మనసులో అనుకున్నానా అని.”

కెజియా ఆమె చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంది. ఆ నవ్వుని అక్కడ పెట్టింది తనే. వాళ్లు వెళ్లిపోయాక చాలాసేపు ఖాళీ గ్లాసులు కడుగుతూనే నిలబడింది. తన పెళ్లిచూపుల రోజు గుర్తొచ్చింది. డిగ్రీ పూర్తి చేస్తానని తనూ అంది. అన్నట్టే గుర్తు. అప్పుడు అక్కడున్న వాళ్లెవరూ ఆ మాట విన్నట్టు లేరు. ఇప్పుడు అమ్మనడిగితే, నువ్వెప్పుడన్నావే అంటుంది. అనలేదేమోనని తను కూడా అనుకోవడం మొదలుపెట్టి ఎన్నాళ్లైందో.

మర్నాడు ఫోరంలో అడిగింది. తీసేసిన వీడియో తిరిగి దొరుకుతుందా అని. దొరకొచ్చన్నారు. తీసేసినంత మాత్రాన పోదట. దాని మీద ఇంకొకటి వచ్చి పడేదాకా ఆ చోటనే ఉంటుందట. అందుకని ఆ కంప్యూటర్ మీద ఇక ఏ పనీ చెయ్యొద్దని, వేరే డిస్కు తెచ్చుకుని ఫలానా ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతకమని చెప్పారు. ఆమె డిస్కు ఆర్డర్ పెట్టింది. కంప్యూటర్ వైరు పీకి బీరువాలో చీరల కింద దాచింది.

అలా పని ఆగింది. మొదటిరోజు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత నిశ్చితార్థం వాళ్లు ఫోన్ చేశారు. ఓణీల ఫంక్షన్ వాళ్లు స్టూడియోకొచ్చి కేకలేశారు. క్రాంతి ఇంటికొచ్చి ఏమైందని అడిగాడు. కంప్యూటర్ బాగాలేదంది. వీడియోలు గుంటూరు పంపితే నెల పడుతుందన్నారట. అతను అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు. గ్రేసమ్మ కోడలి మొహంలోకి కొత్తగా చూసి, “అయితే ఇన్నాళ్లూ ఇదంతా నువ్వే చేస్తన్నావంటే,” అంది. అవునత్తయ్యా అంది కెజియా. ఆ ఇంట్లో తన పని, చెయ్యడం మానేశాకే కనపడింది.

డిస్కు వచ్చింది. క్రాంతి ఊళ్లో లేని పూట వైరు తగిలించి వెతుకులాట మొదలుపెట్టింది. దొరికిన వాటిలో చానావరకు తెరుచుకోలేదు. తెరుచుకున్న వాటిలో ఆ గది ఉంది. బొమ్మ మధ్యమధ్యలో పగిలిపోయి పచ్చటి గీతలు పడుతోంది కానీ మాట చెక్కుచెదరలేదు. అప్పుడు పని తొందరలో సగం విని తీసేసినదాన్ని ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం విన్నది.

సుష్మితని, ఫాయిజాని పిలిపించి తన కుర్చీలో సుష్మితని కూర్చోబెట్టింది. హెడ్‌ఫోన్స్ పీకేసి, సౌండు పెంచింది. గదిలో గాజుల చప్పుడు, ఫ్యాను చప్పుడు, వాటి మధ్యలో ఒక సన్నటి గొంతు.

“వద్దు నాన్నా. నాకొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా.”

తర్వాత తిరుపతిరావు గొంతు. నోరెత్తావంటే మీ అమ్మ శవాన్ని చూస్తావని.

సుష్మిత ఏడవలేదు. “అన్నాను,” అంది మెల్లగా. “నేను అన్నానక్కా.” మళ్లీ పెట్టమంది. మళ్లీ విన్నది. గుమ్మం దగ్గర నిలబడి విన్న గ్రేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇది కోర్టులో చెల్లాలంటే ఆ కంప్యూటర్ ఎవరి చేతిలో నడుస్తుందో వాళ్లు సంతకం పెట్టాలని, సాక్ష్యానికి కూడా రావాల్సి ఉంటుందని ఫాయిజా చెప్పింది. ఆలోచించుకోమంది. కెజియా ఆలోచించుకుంటాననలేదు. కాగితం ఇవ్వమంది.

క్రాంతికి సాయంత్రానికి తెలిసింది. తిరుపతిరావు కన్నెర్ర చేస్తే స్టూడియో మూసుకోవడమేనన్నాడు. పాప చదువన్నాడు. చివరికి గొంతు తగ్గించి, ఆ సంతకమేదో నేను పెడతాలే, ఎడిటింగ్ నేనే చేశాననీ, ఫైలు పాడైపోయిందనీ చెప్తాననీ, నువ్వు కోర్టు మెట్లెక్కడమేందనీ అన్నాడు.

“ఆ పెళ్లిలో సన్నాయి ఎక్కడ మొదలవుద్దో చెప్పండి చూద్దాం,” అంది కెజియా.

అతను చెప్పలేకపోయాడు. పదిమంది ముందు తనదిగా చెలామణీ చేసుకున్న పనిని అతను ఒక్కసారైనా మొదట్నుంచి చివరిదాకా చూడలేదని ఆమెకి అప్పుడే తెలిసింది. కోపం రాలేదు. ఇన్నాళ్లూ అతని మెప్పు కోసం ఎదురుచూసినందుకు తన మీద తనకే జాలేసింది.

తిరుపతిరావు అన్నంత పనీ చేశాడు. పెళ్లిళ్లు తగ్గిపోయాయి. ఎప్పటికో తీర్పు వచ్చింది, సుష్మిత వైపే వచ్చింది. ఆ మధ్యలో కెజియా ఫోరం ద్వారా పరిచయమైన వాళ్ల పని తెచ్చుకుని చేసింది, తన పేరు మీదే. అదంతా తర్వాతి సంగతి.

సాక్ష్యం రోజు పొద్దున్నే, “పాపకి అన్నం నేను పెడతాలే, నువ్ పో,” అంది గ్రేసమ్మ. కెజియా గురజాల బస్సెక్కింది. క్రాంతి రానన్నవాడు వచ్చి కోర్టు హాల్లో వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఎడిటింగ్ చేసేది మీ భర్త కదమ్మా అని అవతలి లాయరు అడిగాడు. కెమెరా ఆయనదండీ, ఎడిటింగ్ నాది అని చెప్పింది. లాయరు దొరికిపోయావన్నట్టు నవ్వాడు.

“అంటే, పెళ్లి వీడియోలోంచి ఈ మాట తీసేసింది కూడా నువ్వేనన్నమాట.”

సుష్మిత తలెత్తి చూసింది. కెజియా బోను కర్రని రెండు చేతులతో పట్టుకుంది.

“నేనేనండీ,” అంది. “ఈ చేత్తో తీసేశాను కాబట్టే, ఆ అమ్మాయి వద్దందని నేను చెప్పగలను.”