దానమ్మ పిండికి ఆదివారం

ఆ ఫోను పక్కన పెట్టి, ఇట్లా నా మోకాలి దగ్గరికి జరుగు తల్లీ. పని చేయడం అందరికీ వచ్చు. పని మానడం నేర్చుకోవడానికి మన దానమ్మ పడిన అవస్థ చెబుతాను, విను.

పులివెందుల బస్టాండు వెనక సందులో దానమ్మ దోసెపిండి వ్యాపారం. ప్రొద్దుటూరులో కొన్న పెద్ద గ్రైండరు, నాలుగు స్టీలు డబ్బాలు, పనిలో తోడుగా హజరాబీ. పొద్దున నానబోస్తారు, సాయంత్రం రుబ్బుతారు, రాత్రంతా పొంగిన పిండి తెల్లవారేసరికి బస్టాండు ముందున్న జియావుల్లా హోటలుకు చేరాలి. ఆమె పిండిలో సగానికి పైగా ఆయనకే పోయేది. ఆయన వద్దన్నాడంటే గ్రైండరు మీద గుడ్డ కప్పుకుని కూర్చోవలసిందే.

అట్లాంటి దానమ్మ జమ్మలమడుగులో వ్యాపారం చేసే క్రైస్తవ విశ్వాసుల కూడికకు పోయింది. పని మొదలుపెట్టే ముందు ప్రార్థన చేయండి, తూకంలో మోసం వద్దు, కోపంలో బేరం వద్దు, ఆదివారం పని మానండి అని పాస్టరు అయ్యగారు చెప్పారు. ఆమె అన్నిటికీ తల ఊపి, ఇంటికొచ్చింది.

ప్రార్థన వెంటనే పట్టుకుంది. కానీ కాలం వృథా కాకూడదు కదా! గ్రైండరు వేసి, దాని ముందే కళ్ళు మూసుకుని, చుట్టాలందరినీ పేరుపేరునా దేవునికి అప్పజెప్పేది. ఒకనాడు ముద్దనూరు చుట్టాల దాకా వచ్చేసరికి పిండి అంచు దాటి కాళ్ళ మీద పడింది.

"బిన్నా ఆమెన్ అనక్కా, వరదొస్తాంది!" అని హజరాబీ కేక వేసింది.

అసలు చిక్కు ఆదివారంతో వచ్చింది. సోమవారం దోసెలకు ఆదివారమే రుబ్బాలి. దానమ్మ తెలివిగా శనివారం సాయంత్రమే రుబ్బేసి, ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థన గుడికి పోయింది. పులివెందుల ఎండకు ఆ పిండి ఏమవుతుంది? సోమవారం పొద్దున్నే జియావుల్లా డబ్బా పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందిది దానమ్మక్కా? ఈ దోసెకు చెట్నీ పనిలేదు. చింతపండు నమిలినట్టుంది. ఆ పక్క సందులో చంద్రమోహన్ కొత్త మిషను పెట్టినాడు, రోజూ అడుగుతాండాడు. ఇంకోసారి పులిసిందంటే ఆయప్పకే చెప్తా."

దానమ్మ వారమంతా ఆలోచించి ఇంకో ఉపాయం కనిపెట్టింది. తాను మానుతుంది, హజరాబీ రుబ్బుతుంది. ఆదివారం పని తాను ముట్టుకోలేదు కాబట్టి దేవుని దగ్గర మాట దక్కుతుంది, సోమవారం పిండి తాజాగా ఉంటుంది కాబట్టి జియావుల్లా దక్కుతాడు. ఎంత బాగుంది!

ఆ ఆదివారం సాయంత్రం ఆమె విశ్రాంతి చూడాలి తల్లీ. మంచం గుమ్మానికి అడ్డంగా వేసుకుని, చేతులు కట్టుకుని, చేయి కదపకుండా పని చేసింది.

"హజరా, మెంతులు ఏసినావా? నీళ్ళు సూసి పొయ్. ఆ మూత సరిగ్గా పెట్టు."

హజరాబీ గ్రైండరు ఆపేసింది. "నీ చేతులకేనా సెలవు? నోటికి లేదా అక్కా?"

"నేనేం చేస్తాండా? కూచునే ఉండా కదా!"

"సరే, ఒకటి చెప్పు. మా పాప హాస్టలు నుంచి వచ్చేది ఆదివారం ఒక్కనాడే. నేను ఈడ నిలబడి నీ విశ్రాంతిని రుబ్బుతాండా. మీ దేవుడు విశ్రాంతి నీ ఒక్కదానికే రాసిచ్చినాడా?"

అప్పుడు దానమ్మకు విశ్రాంతిదినపు ఆజ్ఞ గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచి గుడిలో వింటున్న ఆజ్ఞ అది. ఆ రోజు ఇంటి పనిమనిషికీ, పశువుకు కూడా విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉంది. ఇన్నేళ్ళుగా విన్నా, తన ఇంట్లో పనిమనిషి అంటే ఎవరో ఎప్పుడూ ఆలోచించలేదు. సిగ్గుతో లేచి, మిగిలిన పిండి తనే రుబ్బి, హజరాబీని ఇంటికి పంపింది. ఆ ఆదివారం పోయినట్టే.

తెల్లారి డబ్బాలు తనే మోసుకుని హోటలుకు పోయింది. జియావుల్లా పెనం ముందు ఉన్నాడు. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, ఒక్క ముక్క మిగిలింది.

"భాయ్, ఇంక సోమవారం పిండి ఇయ్యలేను. ఆదివారం నేను రుబ్బను, హజరా రుబ్బదు."

"మరి సోమవారం ప్లేట్లల్లో ఏం పెట్టాల? నీ ప్రార్థనా?"

"చంద్రమోహన్ దగ్గర తీసుకో. రోజూ ఆయప్ప దగ్గరే తీసుకున్నా నేనేమీ అనుకోను."

అనేసి డబ్బాలు కింద పెట్టింది. జియావుల్లా దోసె తిరగేసి, ఆమె ముఖం చూశాడు.

"శుక్రవారం నమాజుకని మధ్యాహ్నం హోటలు మూస్తాండా కదా. ఎందుకు మూస్తావని ఎప్పుడన్నా అడిగినావా?"

"నేనెందుకు అడుగుతా భాయ్?"

"మరి నేనెందుకు అడగాల? సోమవారం ఉగ్గాని, బజ్జీ పెడతా. బొరుగులు నానేదానికి ఎంతసేపు? కాకపోతే మంగళవారం పిండి పువ్వు మాదిరి ఉండాల. లేకుంటే నీ ఆదివారం, నా సోమవారం రెండూ చెడతాయి."

అంతా సాఫీగా జరిగిందనుకోకు. మొదటి సోమవారం దోసె కోసం వచ్చిన వాళ్ళు సణిగారు, కొందరు పక్క హోటలుకు పోయారు, పోయినవాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ రాలేదు. జియావుల్లా సోమవారం పద్ధతి మాత్రం మార్చలేదు.

ఇంక దానమ్మ. ఈ మాట కుదిరాక వచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం పడుకుంది, లేచింది, డబ్బాలు తుడవబోయి చేయి వెనక్కి లాక్కుంది. గోడకేసి చూసింది. అప్పుడు హజరాబీ తన కూతురు ఆఫ్రీన్‌ను వెంటబెట్టుకుని వచ్చింది, పనికి కాదు, చుట్టపు చూపుగా. దానమ్మ ముగ్గురికీ టీ పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఇంత నిమ్మళంగా కూచున్న నిన్ను సూస్తే భయమేస్తాందక్కా. డాక్టరును పిలవాల్నా?"

"ముందు టీ తాగు. తర్వాత పిలుద్దువులే."

ఇదీ దానమ్మ సంగతి. మరిచిపోవద్దు తల్లీ. రేపు నువ్వు అంగడి పెట్టినప్పుడు నీ దగ్గర పనిచేసే వాళ్ళకు ఇది చెప్పు. ఆమెను మరీ భక్తురాలిని చేసి చెప్పొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పు. అట్లా చెబితేనే వినేవాళ్ళు నవ్వుతారు, నవ్విన మాట మనసులో నిలబడుతుంది.